పాపమ్మ పెళ్లి

పాపమ్మ వంటపాకలోకి వెళ్లి తడిక మూసుకోవడం అది మూడో రోజు.

పొద్దున్నే పొయ్యి వెలుగుతోంది. కప్పులోంచి పొగ లేస్తోంది. వేళకు గంజి, వేళకు కూర బయటికి వస్తున్నాయి. మనిషి మాత్రం రావడం లేదు. నీళ్లకో పుల్లలకో వచ్చినా, ఎవరి మొహమూ చూడకుండా లోపలికి పోయి మళ్లీ తడిక దగ్గరికి లాక్కుంటోంది.

నారాయణస్వామి తడికకు ఇవతల పీట వేసుకుని కూర్చున్నాడు. కోటు తొడుక్కునే ఉన్నాడు. పక్క పట్నం ఫ్లాక్‌లో, దస్తావేజులు రాసే నోటరీ దొర దగ్గర గుమాస్తా అతను. తొమ్మిదింటికల్లా బల్ల దగ్గర ఉండాలి. ఈ మూడు రోజులూ పదింటికి వెళ్తున్నాడు.

“అమ్మా, శుక్రవారం పది గంటలకి పెళ్లిళ్లు రాసే సివిల్ ఆఫీసరు మనకి టైమిచ్చాడు. నేనే అడిగి రాయించాను. నువ్వు ‘ఊఁ’ అంటే చాలు. పావుగంట పని.”

లోపల గరిటె చప్పుడు.

“నువ్వూ అయ్యా పెళ్లాడి ముప్పై రెండేళ్లయింది. కాదన్నదెవరు? ఎస్టేటు క్యాంపులో పందిరి వేసి, పుస్తె కట్టి, నలుగురికి అన్నం పెట్టారు. ఊరికి తెలుసు. సర్కారుకి తెలీదు. సర్కారు పుస్తకంలో నేను నీ కొడుకునే గాని అయ్య కొడుకుని కాను. చెల్లెళ్లూ అంతే.”

గరిటె ఆగింది.

“రేపు అయ్యకేమైనా అయితే ఈ నాలుగు అర్పాన్ల చెరకు చేనూ ఆంజనేయులుకి పోతుంది. వాడి అయ్యా అమ్మా కాయితం మీద పెళ్లాడారు కాబట్టి. అదొక్కటి ఆలోచించు.”

ఆంజనేయులు అతని చిన్నాన్న కొడుకు. పోయిన వారం పెదనాన్నని చూసిపోతానని వచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని, ఆ తర్వాత చేను గట్టు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఇంట్లో అందరూ చూశారు.

“వింటున్నావా అమ్మా?”

“పప్పు అడుగంటతాది. పనికెల్లు.”

నారాయణస్వామి లేచి కోటు దులుపుకున్నాడు. అరుగు మీద నులకమంచంలో తండ్రి వీరాస్వామి కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు. ఛాతీ పైకీ కిందికీ ఆడుతున్న తీరు చూస్తే తెలుస్తుంది. ఇరవై రోజుల కిందట చెరకు మోపు ఎత్తబోయి బోర్లా పడ్డాడు. గుండె బలహీనంగా ఉంది, బరువు పని మానుకోమని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే వీరాస్వామి కొడుకుని పిలిచి, “మీ అమ్మకీ నాకూ కాయితం రాయించీయి” అన్నాడు.

ఆ మాట విన్న మొదటి రోజు పాపమ్మ నవ్వింది. రెండో రోజు తల అడ్డంగా ఊపింది. మొన్న, కూలీగా ఓడ దిగినప్పుడు సర్కారు నంబరు వేసి ఇచ్చిన టికెట్టు కావాలని కొడుకు అడిగితే పోయిందంది. “పోతే పోయింది, పోర్ట్ లూయిస్‌లో పాత పుస్తకాలున్నాయి, నకలు తెప్పిస్తాను” అన్నాడు కొడుకు. తడిక మూసుకున్నది అప్పుడే.

గేటు దగ్గర భార్య గౌరీదేవి భోజనం క్యారియరు అందించింది.

“ఏమన్నారు అత్త?”

“పప్పు అడుగంటుతుందంది.”

గౌరీదేవి నవ్వు ఆపుకుంది.

“నవ్వకు. ఫ్రెంచిలో రాసిన దస్తావేజులు తెలుగులో చెప్పి, భోజ్‌పురిలో చెప్పి, ఎంతమంది చేత వేలిముద్రలు వేయించాను! మొండివాణ్ణి నారాయణ దగ్గరికి పంపండి అంటాడు దొర. మా అమ్మకి నేను చెప్పలేకపోతున్నాను. అంత అర్థం కాని సంగతి ఏముంది ఇందులో?”

“మీరు చెప్పిందంతా నాకే కంఠతా వచ్చేసింది. అత్తకి రాదా? అర్థం కాక కాదు ఆవిడ ఒప్పుకోనిది.”

“మరెందుకు?”

“నన్నడుగుతారేం?” అని గౌరీదేవి లోపలికి వెళ్లిపోయింది.

*

ఆ రోజు నోటరీ ఆఫీసులో నారాయణస్వామి రెండు చోట్ల తప్పు రాశాడు. దొర కళ్లద్దాల మీంచి చూసి ఊరుకున్నాడు. నాలుగింటికి సెలవడిగి తమ ఊరు బాన్ అక్యూయ్ దారి పట్టాడు. దారంతా తల్లికి చెప్పాల్సిన కొత్త సంగతుల కోసం వెతికాడు. కొత్తవేవీ దొరకలేదు. పొద్దున చెప్పినవే ఇంకొంచెం గట్టిగా చెప్పడం తప్ప.

ఇంటికి చేరేసరికి తడిక తీసి ఉంది. పాకలో వెలుతురు చాలక కాబోలు, పాపమ్మ గుమ్మంలో చేట పెట్టుకుని కందికాయలు వలుస్తోంది. కొడుకును చూసి లేవలేదు. అతను కోటు విప్పి కొయ్యకు తగిలించి, వచ్చి ఎదురుగా కూర్చుని ఒక దోసెడు కాయలు తన ఒళ్లోకి తీసుకున్నాడు.

చేట అడుగు గింజలతో నిండింది.

“ఆ ఆపీసులో ఏటడుగుతారు?” అంది పాపమ్మ.

నారాయణస్వామికి ప్రాణం లేచి వచ్చింది. సంతోషం పైకి కనబడనీయకుండా చెప్పడం మొదలుపెట్టాడు. “పెద్ద ఏం లేదమ్మా. నీ పేరు. మీ అయ్య పేరు. ఏ ఊరు, ఏ ఓడ, ఏ సంవత్సరం. నీ నంబరు. ఇంతకుముందు పెళ్లయిందా, లేదా. తర్వాత ఇద్దరు సాక్షులు...”

తల్లి వేళ్లు ఆగిపోయాయి. కాయ సగం విచ్చుకుని ఉంది. గింజ బయటికి రాలేదు.

అదంతా మామూలుగా అందరినీ అడిగేదే, లేదంటే సరిపోతుంది అన్న మాట అతని నోటిదాకా వచ్చేసింది. ఆఫీసులో ఎవరైనా తటపటాయిస్తే వెంటనే అలాంటి మాట అందించి, కలం చేతికివ్వడం అతనికి అలవాటు. ఈసారి ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు. ఏం అడగాలో తెలియక, తెలియనట్టే అడిగాడు.

“అదడిగితే ఏమవుతుందమ్మా?”

పాపమ్మ గింజ తీసి చేటలో వేసింది. ఇంకో కాయ వలిచింది. నారాయణస్వామి కూడా ఒకటి వలిచాడు.

“ఆ టికెట్టు పోలేదు. నానే పొయ్యిలో పెట్టీసినాను. నువ్వు కడుపులో పడ్డప్పుడు.”

“ఎందుకు?”

“దాని మీద నాను వీరాసామి పెళ్లాన్ని కాను.”

తర్వాతి మాటలు ఆమె కందికాయలకే చెప్పింది.

కరువు ఏడాది అది. మొదటి మొగుడు వాంతులై పోయాడు. అప్పటికామెకు పదిహేనేళ్లు. విశాఖపట్నం వైపు కూలీల్ని పోగుచేస్తూ తిరిగే మేస్త్రీ ఒకడు, సముద్రం అవతల మిరిచి దేశంలో చెరకు పనికి వస్తే రోజూ అన్నం పెడతారంటే వెంట వెళ్లింది. మద్రాసులో కూలీల్ని ఓడెక్కించే డిపోలో ఒంటి ఆడదాన్ని సవాలక్ష అడుగుతారని, మేస్త్రీ ఆమెను ఒక కుర్రాడి పక్కన నిలబెట్టి, “ఈడి పెళ్లాన్నని సెప్పు” అన్నాడు. బొబ్బిలి వైపు వాడు. పేరు సన్యాసి. దొర అడిగాడు. ఆమె తల ఊపింది. దొర రాసుకున్నాడు.

“అంతేగదా! పందిరి లేదు, పుస్తె లేదు. అది పెళ్లే కాదు” అన్నాడు నారాయణస్వామి ఆత్రంగా.

“సెప్పనీ.”

అతను ఇంకో కాయ అందుకున్నాడు.

“కూలీ ఘాట్‌లో దిగినాక ఇద్దర్నీ ఒకే ఎస్టేటుకి పంపినారు. పెళ్లాం మొగుడని ఒకే గది ఇచ్చినారు. అయిదు నెల్లున్నాం. ఎలాగున్నావని నువ్వడగలేవు. పెళ్లాం మొగుడు లాగే ఉన్నాం. ఆడు మంచోడే. కొట్టలేదు, తిట్టలేదు. ఒకనాడు పొద్దున్న లేస్తే లేడు. పని ఒల్లక పారిపోయాడన్నారు. పోలీసులొచ్చి నన్నడిగినారు. నాకేటి తెల్సు?”

“తర్వాత?”

“ఏడాది సూసినాను. అప్పుడు మీ అయ్య. అంతా సెప్పే పుస్తె కట్టించుకున్నాను.” ఆమె మొదటిసారి తలెత్తి కొడుకు వంక చూసింది. “నీకు సెప్తే నా మొకం సూస్తావో సూడవో అని బయపడినాను. మరింకేటీ నేదు.”

నారాయణస్వామి ఆమె మొహమే చూశాడు. యాభై ఏళ్లకు దగ్గరపడిన మొహం. రోజూ చూసేదే.

మనసు మాత్రం అప్పటికే గుమాస్తా పనిలో పడింది. సర్కారు పుస్తకంలో ఆమె సన్యాసి భార్య. ఆ సన్యాసి బతికి ఉంటే, ఆమె ఇంకో పెళ్లికి పనికిరాదు. అంతకంటే ఘోరం, పరాయివాడి భార్యకు పుట్టిన బిడ్డల్ని ఆ తర్వాత ఏ కాయితంతోనూ దిద్దడం కుదరదు. ఇప్పుడు తండ్రి పేరు లేని బిడ్డలే. శుక్రవారం ఆ నకలు బల్ల మీద పెడితే ఇంకెప్పటికీ తండ్రి పేరు రాయడానికి వీల్లేని బిడ్డలవుతారు. మూడు రోజులుగా అతను తల్లిని బతిమాలుతున్నది దీనికోసం. ఆమె ఒప్పుకుని ఉంటే తన చేత్తోనే తెచ్చి పెట్టేవాడు.

“అతను బతికున్నాడా?”

“నాకేటి తెల్సు?”

“బతికే ఉన్నాడు,” అన్నాడు అరుగు మీంచి వీరాస్వామి. “కాత్ర్ బోర్న్‌లో.”

*

పాపమ్మ చేట పక్కన పెట్టి లేచింది. అరుగు దగ్గరికి వెళ్లి మంచం కోడు పట్టుకుని నిలబడింది.

“నీకెలాగ తెల్సు?”

“అడిగినాను.”

“ఎవుల్ని?”

“అటెల్లి వచ్చినోళ్లందర్నీ. బండోళ్లని, భజన చెయ్యడానికి తిరిగే వోళ్లని. ఏటా అడుగుతూనే ఉన్నాను.”

“ఎందుకూ?”

వీరాస్వామి కొంతసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. “పోయాడేమోనని. పోతే మరి కాయితం రాయించుకోవచ్చుగదా. ఆడు పోలేదు. నాకంటే గట్టిగా ఉన్నాడట.”

ముప్పై రెండేళ్ల కాపురంలో ఈ సంగతి ఆమెకు తెలియదు. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు. గౌరీదేవి దీపంలో నూనె పోసే నెపంతో వచ్చి, అక్కడి వరస చూసి వెనక్కి వెళ్లింది.

“బతికున్నాడని తెల్సీ పిల్లోడి చేత టైం రాయించినావా?” అంది పాపమ్మ.

“పాత పుస్తకాలు. సెదలు తినీసుంటాయి. ఎవులు తిరగేస్తారు?”

“నేను తిరగేయిస్తాను అయ్యా,” అన్నాడు నారాయణస్వామి. “అదే నా ఉద్యోగం. నంబరు చెప్తే గంటలో తీస్తారు.”

వీరాస్వామి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అతని మెడ నరాలు కదలడం కొడుకుకు కనబడింది. చచ్చేలోగా ఒక్కసారి పందెం వేసి చూద్దామనుకున్నాడు ముసలాయన. అది తప్పని చెప్పడానికి నారాయణస్వామి దగ్గర చాలా మాటలున్నాయి. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

“ఒక దారి ఉంది,” అన్నాడు చివరికి. “ఆ సన్యాసే వచ్చి, అది మేస్త్రీ రాయించిన మాట, అసలు పెళ్లే జరగలేదు అని ప్రమాణం చేస్తే ఆ రాత కొట్టేయించవచ్చు. రేపు నేను వెళ్లి మాట్లాడి వస్తాను.”

“నానొస్తాను,” అంది పాపమ్మ.

“నువ్వెందుకు?”

“నువ్వెల్లి ఆడికేటి సెప్తావు?”

నారాయణస్వామి చెప్పాడు. వరసగా, ఆఫీసులో చెప్పినట్టే చెప్పాడు. ఇందులో సన్యాసికి నష్టం లేదని, పెద్ద వయసులో పుణ్యమని, రానూపోనూ రైలు టికెట్టు తామే కొంటామని, ఒప్పుకోకపోతే పాపం ముగ్గురు పిల్లలు నలిగిపోతారని.

పాపమ్మ అంతా విన్నది.

“మరి ఆడి మాట ఎప్పుడింటావు?”

*

మర్నాడు ఫ్లాక్‌లో రైలెక్కి, పోర్ట్ లూయిస్‌లో దిగి, పైకి వెళ్లే బండి మారారు. పోర్ట్ లూయిస్ స్టేషన్లో పాపమ్మ ఒక్కసారి ఆగి రేవు వైపు చూసింది. ఓడల కొయ్యలు కనబడుతున్నాయి. బండి ఎత్తుకు ఎక్కుతున్న కొద్దీ గాలి చల్లబడింది. చెంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

కాత్ర్ బోర్న్‌లో సన్యాసి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సంతకు ఉల్లికాడలు, కొత్తిమీర వేసే ముసలి సన్యాసి అంటే స్టేషన్లో బండివాడే దారి చూపాడు. రేకుల ఇల్లు, ముందు కూరమళ్లు. వాకిట్లో పొడవాటి బల్ల మీద దీవిలోనే పుట్టిన ఒక క్రియోల్ ఆవిడ బొగ్గుల ఇస్త్రీపెట్టెతో దొరల చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. లావుపాటి మనిషి, తలకు గళ్ల గుడ్డ.

“బోంజూర్” అని పలకరించి, ఎవరు కావాలని అడిగి, వెనక్కి తిరిగి కేకేసింది.

కూరమళ్ల మధ్య నుంచి ఒక ముసలివాడు నడుం పట్టుకుని లేచాడు. చేతులకు తడి మన్ను. దగ్గరకు వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“తెలీలేదు,” అన్నాడు తెలుగులో.

“నాను. మద్రాసు ఓడ పాపమ్మని.”

సన్యాసి చేతుల్లోని మన్ను పంచెకు తుడుచుకున్నాడు. ఒకసారి ఇస్త్రీ చేస్తున్న ఆవిడ వంక చూశాడు. ఆవిడకు తెలుగు రాదు. అయినా చూశాడు.

“మిషెలిన్,” అన్నాడు క్రియోల్‌లో. “వీళ్లు మా దేశం వాళ్లు. కొంచెం టీ పెట్టు.”

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నవ్వుతూ లోపలికి వెళ్లింది. సన్యాసి బల్ల మీది చొక్కాలు పక్కకు జరిపి వాళ్లకు చోటు చూపించాడు. తను మాత్రం కూర్చోలేదు.

“నువ్వు సచ్చిపోయావు,” అన్నాడు మెల్లగా.

“ఎప్పుడు?”

“పదకొండేళ్లయింది.”

పాపమ్మ కొంచెం సేపు ఆలోచించినట్టు కనబడింది. “ఏం రోగం?”

“జొరం. ఫ్లాక్‌లో. ఇద్దరు సాక్షులు ప్రమాణం చేసినారు.” అతను మాటలు ఒక్కొక్కటే వెతుక్కుని తీస్తున్నాడు. చాలా రోజులుగా తెలుగు మాట్లాడినట్టు లేదు. “ఈవిడ గుడికెల్లే మనిషి. పెళ్లి లేకుండా ఉంటే పాదిరీ పూజలో రొట్టి పెట్టడు. ఏడుస్తుండేది. పెళ్లికి ఆపీసుకెల్తే నా టికెట్టు తీసినారు. పెళ్లాం పాపమ్మ అని ఉంది. ఏదీ ఆవిడ అన్నారు. ఏటి సెప్పను? నువ్వెక్కడున్నావో నాకు తెల్దు. పోయిందన్నాను. కాయితం తెమ్మన్నారు. తెచ్చినాను. నీ నంబరెదురుగా ఎర్ర సిరాతో గీత కొట్టీసినారు.”

“పిల్లలెంతమంది?”

“అయిదుగురు. పెద్దదానికి మొన్న ఈస్టరుకి పెళ్లి సేసినాం. అందరూ కాయితంలో ఉన్నారు.”

నారాయణస్వామి బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. సంగతి అతనికి ఎదురుగా బల్ల మీద పరిచినట్టు కనబడుతోంది. తల్లి చనిపోయిన మనిషయితే శుక్రవారం సంతకం పెట్టడానికి వీల్లేదు. బతికి ఉన్న మనిషయితే, మిషెలిన్ పెళ్లి చెల్లదు, ఆ అయిదుగురూ కాయితంలోంచి లేచిపోతారు, దొంగ ప్రమాణానికి సన్యాసి జైలుకెళ్తాడు. ఈ ఇల్లు నిలబడితే ఆ ఇల్లు లేదు.

జైలు అన్న మాట దగ్గర అతని మనసు ఆగింది. ఒక్క మాట చాలు. ముసలివాడు భయపడతాడు. భయపడినవాడు ఏది చెప్తే అది రాస్తాడు. నారాయణస్వామి గొంతు సవరించుకున్నాడు.

పాపమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. నొక్కలేదు. వేసి ఉంచిందంతే.

“ఆ పొద్దున్న ఎందుకెల్లిపోయావు?” అని సన్యాసిని అడిగింది. కోపంగా కాదు, ఇన్నేళ్లూ తెలియక అడిగినట్టు అడిగింది.

సన్యాసి నేల చూశాడు. “పని సూసే సిర్దారు కొరడాతో కొట్టినాడు. నీ ముందర. గుర్తులేదా?”

“కొట్టినాడు. అందర్నీ కొట్టీవోడు.”

“రేత్రి నువ్వు నా వీపుకి నూనె రాసినావు. ఏటీ అనలేదు. నీకు ఏడుపొచ్చిందో, నవ్వొచ్చిందో నాకు తెల్దు. తెల్లారితే నీ మొకం సూడలేననిపించింది. ఎల్లిపోయాను.”

“నాకు ఏడుపే వచ్చింది,” అంది పాపమ్మ. “నీకు తెలిస్తే సిన్నతనమని సెప్పలేదు.”

ముసలివాడు అప్పుడు కూర్చున్నాడు. కింద, మెట్టు మీద, మన్ను చేతులు ఒళ్లో పెట్టుకుని. పాపమ్మ తన సంగతి చెప్పింది. వీరాస్వామి, అతని గుండె, ముగ్గురు పిల్లలు, చెరకు నేల, శుక్రవారం. అడగవలసింది అడగలేదు. చెప్పి ఊరుకుంది. అతను తల వంచుకుని అంతా విన్నాడు.

“నానెల్లి నిజం సెప్పేస్తే నీ పని అవుతాదా?” అన్నాడు.

ఆ ప్రశ్న తనను చూసి అడిగాడు గనక నారాయణస్వామి జవాబు చెప్పాలి. అవునంటే సగం అబద్ధం. పని అవ్వచ్చు, అవ్వకపోవచ్చు. కాదంటే లేచి ఇంటికి పోవాలి. “కచ్చితంగా తెలీదు,” అన్నాడు. ఆఫీసుకొచ్చిన ఏ పార్టీతోనూ ఇంతవరకు ఆ మాట అనలేదు. “మీ ఇల్లు మాత్రం కచ్చితంగా పోతుంది.”

సన్యాసి అతని వంక కొత్తగా చూశాడు.

మిషెలిన్ పళ్లెంలో మూడు కప్పులు పట్టుకుని వచ్చింది. పాపమ్మకు తనే అందించి, ఎదురుగా నిలబడి క్రియోల్‌లో అడిగింది. “మీ పేరేమిటి మాదామ్?”

సన్యాసి లేవబోయి ఆగిపోయాడు.

“పాపమ్మ.”

“ఓ!” మిషెలిన్ చేత్తో గుండెల మీద శిలువ గీసుకుంది. “మా ఆయన మొదటి భార్య పేరు కూడా అదే. పాపం, జ్వరంతో పోయిందట. ఏటా నవంబరులో ఆవిడ పేరున గుడిలో దీపం పెడతాను.”

పాపమ్మ కప్పు పెదవి దాకా తీసుకెళ్లి తాగలేదు. “నువ్వా? నువ్వెందుకు పెడతావు?”

“పెట్టొద్దా మరి? ఆవిడ పోబట్టే కదా నాకీ ఇల్లు.”

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు చిటపటమన్నాయి. సన్యాసి ఎవరి వంకా చూడకుండా కూరమళ్ల వైపు చూస్తున్నాడు. నారాయణస్వామి తల్లి మొహం చూశాడు. నిన్న సాయంత్రం వరకు ఆ మొహంలో ఏముందో తనకు తెలుసనుకున్నాడు. ఇప్పుడు ఆమె ఏం చెప్తుందో అతనికి బొత్తిగా తెలియదు.

“ఇంత దూరం ఏ పని మీద వచ్చారు?” అంది మిషెలిన్, నవ్వు మొహంతోనే.

పాపమ్మ కప్పు బల్ల మీద పెట్టింది. ఇస్త్రీ చేసిన చొక్కాలు నలగకుండా ఇంకాస్త పక్కకు జరిపి, తన పక్కన చోటు చేసింది.

“సెప్తాను,” అంది క్రియోల్‌లో. “ముందు నువ్వు కూర్చో.”